సినిమాల్లో నియాండర్తల్ ఎప్పుడూ వంగే ఎందుకు నడుస్తాడు?

బొమ్మలపలక
అందరికీ నమస్కారం. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంటాను. ఇప్పుడు ఆదిమానవుల మీద ఒక పుస్తకం నడుస్తోంది, పదేళ్ల పిల్లల కోసం. అందులో నియాండర్తల్‌కి, అంటే ఇప్పుడు లేని మన దగ్గరి చుట్టపు మానవజాతికి, పూర్తి పేజీ ఇచ్చారు. నా చిత్తు బొమ్మలో ఒకామె నిటారుగా కూర్చుని జంతువు తోలు గీకుతూ ఉంటుంది, పక్కన ఆమెనే చూస్తూ ఓ పిల్ల. అది చూసి ప్రచురణకర్త అన్న మాట: "ఇదేంటండీ, మామూలు మనిషిలాగే ఉంది! కాస్త వంచండి, ఒళ్లంతా జుట్టు పెట్టండి, చేతికో దుడ్డుకర్ర ఇవ్వండి. పిల్లలు చూడగానే గుర్తుపట్టాలి కదా."

గుర్తుపట్టడం అంటే సినిమాల్లో, కార్టూన్లలో చూసినదాన్నే మళ్లీ చూడటం. నాకు ఆ బొమ్మ వేయాలని లేదు. కానీ "వేయను" అంటే సరిపోదు, ఎందుకు వేయకూడదో చెప్పాలి. అసలీ వంగిన మనిషి ఎక్కణ్నుంచి వచ్చాడు? సినిమాల్లో ఎవరైనా సరిగ్గా చూపించారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరాయి
ఆ వంగిన మనిషికి పుట్టిన ఊరు, పుట్టిన ఏడాది రెండూ ఉన్నాయండి. ఊరు ఫ్రాన్స్‌లోని లా షపెల్-ఓ-సేంట్, ఏడాది 1908. అక్కడ ఒక చిన్న గుహలో దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికింది. పారిస్‌లో మార్సెలాన్ బూల్ అనే పెద్ద శాస్త్రవేత్త దాన్ని చదివి 1911 నుంచి 1913 దాకా పెద్ద వివరణ అచ్చు వేశాడు. ఆయన లెక్కలో ఆ మనిషికి మోకాళ్లు పూర్తిగా చాపుకోవు, వెన్నుకు మనకున్న వంపులుండవు, తల ముందుకు వేలాడుతుంది, కాలి బొటనవేలు కోతికిలా పక్కకు తిరిగి ఉంటుంది.

అస్థిపంజరమేమో ఒక ముసలాయనది. దవడ పళ్లు చాలావరకు రాలిపోయి, చిగుళ్లు మూసుకుపోయి ఉన్నాయి. వెన్నుకు, తుంటికి కీళ్లవాతం. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు మళ్లీ ఆ ఎముకల్నే పరీక్షించి, ఈయన మనలాగే నిలబడేవాడని తేల్చారు. స్నానం చేయించి, గడ్డం గీసి, ఈనాటి బట్టలు తొడిగి న్యూయార్క్ మెట్రో రైలెక్కిస్తే ఎవరూ రెండోసారి తిరిగి చూడరని రాశారు కూడా. 2019లో తుంటి, వెన్నెముక ఇంకోసారి చూశారు. నడుము వంపు మనదే.

బూల్ రాతలు పూర్తిగా అచ్చు కాకముందే బొమ్మ బయటికొచ్చేసింది. 1909లో పారిస్ పత్రికలో కుప్కా అనే చిత్రకారుడు (తర్వాత నైరూప్య చిత్రకళలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు) ఒళ్లంతా బొచ్చుతో, గొరిల్లాలాంటి ఆకారం గుహ ముందు నిలబడ్డట్టు వేశాడు. మీ ప్రచురణకర్త అడుగుతున్నది అచ్చం ఆ బొమ్మనే. మీకు పనికొచ్చే మాట ఇంకోటి: 1911లో లండన్ పత్రికలో ఫారెస్టియర్ అనే ఆయన అదే మనిషిని నిప్పు పక్కన కూర్చుని చెకుముకి రాయి చెక్కుకుంటున్నట్టు, మెడలో పూసలతో వేశాడు. రెండూ రెండేళ్ల తేడాలో వచ్చాయి. లోకం మొదటిదాన్ని ఉంచుకుంది.

సెకండ్_షో
సినిమాల సంగతి నేను చెప్తాను. 1953లో "ది నియాండర్తల్ మ్యాన్" అని ఒకటొచ్చింది. ఒక శాస్త్రవేత్త తనకు తానే మందు ఎక్కించుకుని మృగంలా మారిపోయి జనం మీద పడతాడు. అంటే నియాండర్తల్ అప్పటికి దయ్యం కథల్లో పాత్ర. ఆ దారి ఇప్పటికీ పోలేదు. స్కాట్లాండ్‌లో తీయగా 2022లో వచ్చిన "ఔట్ ఆఫ్ డార్క్‌నెస్" చూడండి. 45 వేల ఏళ్ల కిందట కొత్త నేలకొచ్చిన చిన్న గుంపును చీకట్లో ఏదో వెంటాడుతుంటుంది. అదేంటో ఇక్కడ చెప్తున్నాను, చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి: ఆ "రాక్షసులు" నియాండర్తల్‌లే. అప్పటిదాకా మనల్ని భయపెట్టి, చివర్లో ఆ భయానికి జవాబు మననే చెప్పమంటుంది. ఆ సినిమా కోసం ఒక భాషే కొత్తగా కట్టారు.

ఇక అందరూ చెప్పుకునేది "క్వెస్ట్ ఫర్ ఫైర్", 1981, జాన్ జాక్ అనో తీశాడు. కథ 80 వేల ఏళ్ల కిందట. ఒక తెగ దగ్గరున్న నిప్పు ఆరిపోతుంది, ముగ్గురు వెతుక్కుంటూ బయల్దేరతారు. తెర మీద ఒక్క ముక్క కూడా అనువాదం వేయరు. మాటలు నవలాకారుడు ఆంథొనీ బర్జెస్ కట్టాడు, చేతి సైగలు, ఒంటి భాష జంతుశాస్త్రవేత్త డెస్మండ్ మోరిస్ నేర్పాడు. ఏనుగులకు బొచ్చు తొడిగి మామత్‌లను చేశారు. మేకప్‌కి ఆస్కార్ వచ్చింది. రెండు గంటల్లోపే, అర్థమయ్యే మాట ఒక్కటీ లేకుండా నన్ను ఏడిపించింది. అది చిన్న విషయం కాదు.

కానీ కథలో ఇరుసు చూడండి. నిప్పు రాజేయడం వెనకబడ్డ తెగకు తెలీదు. మనలాంటి తెగ నుంచి వచ్చిన అమ్మాయి వల్ల తెలుస్తుంది. దీనికి మూలమైన ఫ్రెంచి నవల పుస్తకంగా వచ్చింది 1911లో, అంటే సరిగ్గా బూల్ రాస్తున్న రోజుల్లో.

పాతరాయి
@సెకండ్_షో, ఆ నిప్పు మాట పట్టుకుందాం. 2018లో ఫ్రాన్స్‌లో దొరికిన 50 వేల ఏళ్ల నాటి నియాండర్తల్ చేతిగొడ్డళ్ల మీద గీతల్ని సూక్ష్మదర్శినిలో చూశారు. రాతి చదును ముఖం మీద ఒకే దిక్కుగా పదే పదే కొట్టిన గుర్తులున్నాయి. ఇనుప గంధకపు రాయి (పైరైట్) పెట్టి కొడితే వచ్చే గుర్తులవే. అంటే నిప్పు దొరికితే వాడుకోవడమే కాదు, రాజేసుకోవడమూ వాళ్లకు తెలుసు. ఒకరు నేర్పితే తప్ప నిప్పు రాదన్న కథకు ఆధారం లేదు.

ఏడో_తరగతి_బి
టీచర్‌గా ఒక మాట. సినిమా కన్నా ముందు పిల్లల బుర్రలో పడేది ఆ వరస బొమ్మ. ఎడమ చివర కోతి, కుడి చివర నిటారు మనిషి, మధ్యలో ఒక్కొక్కరే లేస్తూ నడుస్తుంటారు. అది 1965లో రుడాల్ఫ్ జాలింగర్ టైమ్-లైఫ్ వారి పుస్తకానికి వేసింది. అసలు బొమ్మలో పదిహేను ఆకారాలుంటాయి, నియాండర్తల్ మనకంటే రెండడుగులు వెనక. మన శివాలిక్ కొండల్లో ఎముకలు దొరికిన రామపిథెకస్ కూడా ఆ వరసలో ఉంది. ఇప్పుడు దాన్ని ఒరాంగుటాన్ వైపు చుట్టంగా లెక్కేస్తున్నారు.

ఆ వరస చూసిన పిల్లలు నన్నడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడమ్, నియాండర్తల్ నుంచే కదా మనం వచ్చింది?" కాదు. వాళ్లు మనకు తాతలు కారు, పెదనాన్న పిల్లల వరస. మనవాళ్లు ఆఫ్రికాలో, వాళ్లు యూరప్, పడమటి ఆసియాల్లో ఒకే కాలంలో బతికారు. వరస బొమ్మలో "ఒకే కాలం" అన్నది చూపించడానికి చోటే లేదు. బొమ్మలపలక గారూ, మీ పేజీలో ఆ వరస మాత్రం ఎక్కడా రానివ్వకండి. మిగతాదంతా నేను క్లాసులో సర్దుకుంటాను.

మేకప్_పెట్టె
హైదరాబాద్‌లో ప్రోస్థెటిక్ మేకప్ పని చేస్తాను. మీరంతా కథల గురించి మాట్లాడుతున్నారు, నేను మొహం గురించి చెప్తాను.

మేకప్‌తో మేం కలపగలం, తీసేయలేం. ఇది మా పనికి మూలం. కనుబొమల మీద గట్టు కావాలా, సిలికోన్‌తో పోసి అతికిస్తాం. పెద్ద ముక్కు కావాలా, పెడతాం. కానీ నియాండర్తల్ మొహంలో ఉన్నవాటి కంటే లేనివే ముఖ్యం. చుబుకం ముందుకు పొడుచుకు రాదు. నుదురు నిలువుగా లేవదు, తల వెనక్కి పొడుగ్గా, పల్లంగా పోతుంది. నటుడి చుబుకాన్ని నేనెక్కడ కోసి పెట్టను? అందుకని గడ్డం మీసాలతో కప్పేస్తాం. నుదురు దాచడానికి విగ్గు ముందుకు లాగుతాం. సినిమా నియాండర్తల్‌కి అంత జుట్టెందుకు అంటే సగం కారణం ఇదే. ఆడవాళ్లకు గడ్డం పెట్టలేం కాబట్టి నియాండర్తల్ ఆడమనిషి తెర మీద ఎప్పుడూ వెనక వరసలోనో, పొగలోనో ఉంటుంది.

ఇంకోటి వెలుతురు. కనుబొమ గట్టు పెట్టాక పైనుంచి లైటు పడితే కళ్లు రెండూ నీడలోకి వెళ్లిపోతాయి. కళ్లు కనపడని మొహాన్ని ప్రేక్షకుడు నమ్మడు, భయపడతాడు. కెమెరామన్ ఒక చిన్న లైటు కళ్ల ఎత్తులో, లెన్సు పక్కనే పెడితే అదే మొహం మనిషి మొహం అయిపోతుంది. ఆ ఒక్క లైటు పెట్టాలా వద్దా అన్నది దర్శకుడు ఆ పాత్రను ఏమనుకుంటున్నాడో చెప్పేస్తుంది. 1984లో వచ్చిన "ఐస్‌మ్యాన్" చూడండి. మంచులో గడ్డకట్టిన నియాండర్తల్‌ని బతికిస్తారు, జాన్ లోన్ చేశాడు. అతని కళ్లు చూడండి చాలు.

రైన్_తీరం
నేను డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాను. వాళ్లకు ఆ పేరు తెచ్చిన లోయ ఇక్కడికి దగ్గరే, నియాండర్తల్ అనే పేరుతో లోకల్ రైలు స్టేషనే ఉంది. 1856లో సున్నపురాయి క్వారీలో పనివాళ్లు ఒక గుహలోంచి మట్టి తోడి బయటికి పారేస్తుంటే ఎముకలు పడ్డాయి. గుహ ఎలుగుబంటివి అనుకున్నారు. ఫూల్‌రాట్ అనే బడిపంతులు వచ్చి చూసి, ఇవి మనిషివి, చాలా పాతవి అన్నాడు. గుహను క్వారీ తినేసింది. 1997లో మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టి ఆ పాత మట్టి దిబ్బల్ని పట్టుకున్నారు. అందులో దొరికిన ముక్కలు 1856 నాటి ఎముకలకు సరిగ్గా అతికాయి.

అక్కడ నాకు బాగా పట్టుకున్న సంగతి ఇది. బాన్‌లో మేయర్ అనే శరీరశాస్త్రవేత్త అసలు ఇది పాత ఎముకే కాదన్నాడు. 1814లో నెపోలియన్ సైన్యాన్ని తరుముతూ వచ్చిన రష్యన్ కొసాక్ రౌతు అట. తొడ ఎముకల వంపు గుర్రపు స్వారీ వల్ల, రికెట్స్ అనే ఎముకల జబ్బు వల్ల వచ్చిందట. చూశారా, దొరికిన తొలిరోజుల్లోనే "వీడు మనవాడు కాదు, తూర్పు నుంచి వచ్చిన పరాయివాడు" అన్న మాట వచ్చేసింది. సినిమా పుట్టకముందే సినిమా కథ తయారు.

మెట్‌మన్‌లో ఉన్న మ్యూజియంలో సూటు వేసుకున్న నియాండర్తల్ బొమ్మ ఒకటుంది. జనం దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. బొమ్మలపలక గారూ, వీలైతే ఆ ఫోటోలు మీ ప్రచురణకర్తకు చూపించండి.

వాల్‌పోస్టర్
అందరికీ దండాలు. ఒక మాట అడుగుతున్న. సినిమా అంటే కథ కదా? పాఠం కాదు కదా? నియాండర్తల్‌లు ఇప్పుడు లేరు, వాళ్లను తప్పుగా చూపిస్తే నొచ్చుకునేటోళ్లు ఎవరున్నరు? నిజంగా ఉన్న మనుషులను తప్పుగా చూపిస్తే అడగాలె. వీళ్ల కోసం ఇంత ఎందుకు?

మేకప్_పెట్టె
@వాల్‌పోస్టర్, నొచ్చుకునేవాళ్లున్నారు అన్నా. ఎట్లాగంటే, నియాండర్తల్‌కి వాడే పెట్టెనే అడివి మనుషుల పాత్రలకూ తెరుస్తాం. అదే కనుబొమ, అవే పాడైన పళ్లు, అదే చింపిరి విగ్గు, పైనుంచి రెండు పూతలు నలుపు. "బాహుబలి"లో కాలకేయులు గుర్తున్నారు కదా. పనితనంగా చూస్తే ఆ మేకప్‌కి నేను చేతులెత్తి మొక్కుతాను. మదన్ కార్కీ వాళ్లకోసం కిలికి అని ఏకంగా భాషే కట్టాడు. కానీ రంగు నలుపు, పళ్లు గార, మాట అర్థం కాదు, గుంపుగా వస్తారు, మొహాలు విడివిడిగా గుర్తుండవు. ఈ వరస ఎక్కడిదంటే, వందేళ్ల కిందటి ఆ కుప్కా బొమ్మ దాకా పోతుంది. తెర మీద నియాండర్తల్‌ని చూసి అలవాటుపడ్డ కన్నే తర్వాత మన్యం మనిషిని చూస్తుంది. మన సినిమాల్లో గూడేల వాళ్లకు పాత్రలు ఎలా రాస్తున్నారో నాకు రోజూ సెట్లో కనపడుతుంది. అందుకే నాకు ఇది దూరపు సంగతి అనిపించదు.

సెకండ్_షో
రంగు మాట వచ్చింది కాబట్టి "ది క్లాన్ ఆఫ్ ది కేవ్ బేర్" గురించి చెప్పాలి. జీన్ ఆవెల్ నవల 1980, సినిమా 1986. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న మన జాతి పాపను నియాండర్తల్‌లు పెంచుకుంటారు. డారిల్ హానా కథానాయిక: పొడవు, బంగారు జుట్టు, నీలి కళ్లు. పెంచినవాళ్లు పొట్టి, ముదురు రంగు. కొత్తది ఏదైనా ఆ అమ్మాయికే తోస్తుంది, వాళ్లకు పాత జ్ఞాపకాలే. నవల మీద నాకు గౌరవం ఉంది. వాళ్లకు ఇల్లు, వైద్యం, దుఃఖం, సైగల భాష ఇచ్చింది, ఒక వికలాంగుణ్ని తెగకు గురువును చేసింది. ఆ పాత్రకు ఇరాక్‌లోని షనిదార్ గుహలో దొరికిన మనిషే ఆధారం. కానీ ఆ రంగుల పంపకం?

పాతరాయి
తలకిందులు. లక్షల ఏళ్లుగా ఆ చలి నేలలో ఉన్నవాళ్లు నియాండర్తల్‌లు. మనవాళ్లు ఆఫ్రికా నుంచి వస్తున్నారు, యూరప్‌లో తొలి మన జాతివాళ్లకు ముదురు చర్మమే ఉండేదని పాత జన్యువులు చెబుతున్నాయి. నియాండర్తల్‌లలో కొందరికి ఎర్ర జుట్టు, పాలిపోయిన చర్మం ఉండి ఉండొచ్చని 2007లో వచ్చిన పరిశోధన చెప్పింది. అందరూ ఒకే రంగులో ఉన్నారని మాత్రం అనుకోకూడదు, స్పెయిన్ నుంచి సైబీరియా దాకా పరుచుకున్న జనం వాళ్లు.

షనిదార్ మొదటి మనిషి గురించి ఎవరికి తెలిసినా మర్చిపోలేరు. చిన్నప్పుడో, వయసులోనో ఎడమ కంటి చుట్టూ ఎముక చితికిపోయింది. కుడి చెయ్యి ఎండిపోయి మోచేయి దగ్గర ఆగిపోయింది. కుంటి. చెవి రంధ్రాల్లో ఎముక పెరిగి వినికిడి పోయిందని 2017లో తేల్చారు. అయినా నలభై దాటి బతికాడు. వేటాడి బతికే గుంపులో ఎవరూ పట్టించుకోకుండా అది సాధ్యమేనా?

తెల్లకోటు
వృత్తి వైద్యం. వాల్‌పోస్టర్ గారు "వాళ్లు ఇప్పుడు లేరు" అన్నారు. ఒక లెక్కన ఉన్నారు. ఆఫ్రికా బయటి జనాల్లో ఒక్కొక్కరి జన్యువుల్లో సుమారు 2 శాతం వాళ్లవి. 2010లో జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం చూపించింది, 2022లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనకు ఇంకా దగ్గర సంగతి: 2020లో జీబర్గ్, పాబో కలిసి, కోవిడ్ తీవ్రమయ్యే ప్రమాదాన్ని పెంచే మూడో క్రోమోజోమ్ ముక్క ఒకటి నియాండర్తల్‌ల నుంచి వచ్చిందని చూపించారు. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఆ ముక్క కనీసం ఒక కాపీ ఉంది. యూరప్‌లో ఆరుగురిలో ఒకరికి. తూర్పు ఆసియాలో దాదాపు లేదు. మరుసటి ఏడాది పన్నెండో క్రోమోజోమ్ మీద ఇంకో ముక్క దొరికింది, అదీ వాళ్లదే, అది కాపాడుతుంది.

ఇదే వరసలో "డెనీ" ఉంది. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిన్న ఎముక ముక్క, పదమూడేళ్ల పైబడిన పిల్లది. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్ (ఆ గుహ పేరుతోనే పిలిచే ఇంకో పాత మానవజాతి). 2018లో తెలిసింది. ఇంత కథ చేతిలో పెట్టుకుని సినిమావాళ్లు ఇంకా దుడ్డుకర్రల దగ్గరే ఆగారంటే నాకు బాధగా ఉంటుంది.

వాల్‌పోస్టర్
డాక్టర్ సాబ్, ఇది నాకు కొత్త. మరి మన దగ్గర వాళ్ల ఎముకలు దొరికినయా? మాది నంద్యాల వైపు చుట్టాలు ఉన్న ఇల్లు, అక్కడ గుహలు చాలా ఉన్నయ్ కదా.

పాతరాయి
భారతదేశంలో నియాండర్తల్ ఎముక ఇప్పటిదాకా దొరకలేదు. తూర్పున వాళ్ల ఆనవాళ్లు ఉజ్బెకిస్తాన్‌లోని తెషిక్-తాష్, సైబీరియాలోని ఆల్తాయ్ దాకా ఉన్నాయి. మీ నంద్యాల వైపు జ్వాలాపురం మాత్రం ప్రపంచానికి తెలిసిన చోటు. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద అక్కడ దట్టంగా పేరుకుంది. ఆ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి, 2007లో పత్రం వచ్చింది. అవి చేసిన చేతులు మన జాతివేనా అన్నదాని మీద వాదన ఉంది, ఎందుకంటే అక్కడ ఎముక లేదు.

ఏడో_తరగతి_బి
ఇంకో వైపు కూడా చూడాలి కదా పాతరాయి గారూ. ఈమధ్య డాక్యుమెంటరీల్లో నియాండర్తల్‌ని మరీ మునిపుంగవుణ్ని చేస్తున్నారు. పూలు చల్లి పూడ్చిపెట్టారు, బొమ్మలు గీశారు అని.

పాతరాయి
అవునండి, అది కూడా బొమ్మే. షనిదార్ నాలుగో మనిషి చుట్టూ మట్టిలో పుప్పొడి దొరికింది, దాంతో పూలతో సాగనంపారన్న కథ 1970ల్లో లోకమంతా పాకింది. ఎలుకజాతి జీవులో, తేనెటీగలో ఆ పుప్పొడి తెచ్చి ఉండొచ్చని తర్వాత గట్టి అభ్యంతరాలొచ్చాయి. స్పెయిన్ గుహల్లో 64 వేల ఏళ్లకు పైబడిన ఎర్ర గుర్తులు వాళ్లవే అన్న 2018 నాటి లెక్క మీదా వాదన నడుస్తోంది. బెల్జియంలోని గోయే గుహలో తోటి నియాండర్తల్‌ల ఎముకల్నే మజ్జ కోసం పగలగొట్టిన గుర్తులున్నాయి. ఇవేవీ దాచక్కర్లేదు. మనవాళ్లూ ఇవన్నీ చేశారు.

అనుమానం లేనిది ఫ్రాన్స్‌లోని బ్రూనికెల్. గుహ ముఖం నుంచి మూడు వందల మీటర్లకు పైగా లోపలికి, కటిక చీకట్లో, సున్నపు స్తంభాలు విరగ్గొట్టి వలయాలుగా పేర్చారు. 1 లక్షా 76 వేల ఏళ్ల కిందట, అప్పటికి యూరప్‌లో మన జాతి స్థిరపడనే లేదు. దివిటీ పట్టుకోవాలి, ఇంకొకరు విరగ్గొట్టాలి, ఇంకొకరు మోయాలి. ఎందుకు చేశారో ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే ఒక సినిమాకు ఇది చాలు.

సెకండ్_షో
ఆ సినిమా ఎవరైనా తీస్తే మొదటి ఆటకు నేనుంటాను.

బొమ్మలపలక
ఇంత చెప్పినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. 1909, 1911 బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టి, 1957 మాట కింద రాసి ప్రచురణకర్తకు పంపాను. నిటారు మనిషికి ఒప్పుకున్నారు. జుట్టు గురించీ పట్టుబట్టలేదు. దుడ్డుకర్ర మాత్రం వదలట్లేదు, "చేతిలో ఏదో ఒకటి ఉండాలి" అంటున్నారు. తోలు గీకే రాతిపలక ఉంది కదా అంటే, అది కనపడదంటున్నారు. ఇంకా బట్టలు ఎలా ఉండాలి, మొహంలో ఏవి తప్పకుండా చూపాలి?

మేకప్_పెట్టె
మీరు అదృష్టవంతులు, మీ చేతిలో ఉన్నది పెన్సిలు. మేం తీసేయలేనివన్నీ మీరు తీసేయొచ్చు. చుబుకం తీసేయండి. తలను వెనక్కి పొడిగించండి. ముక్కు వెడల్పుగా, బుగ్గల మధ్య మొహం ముందుకు. ఛాతీ పీపాలా, ముంజేతులు, పిక్కలు పొట్టిగా. కళ్లను నీడలో పెట్టకండి. ఆదిమానవుల మొహాలు మలిచే కెన్నిస్ సోదరులు 2024లో షనిదార్ ఆవిడ మొహం తయారుచేశారు. రెండు వందలకు పైగా ముక్కలైన పుర్రెను అతికించి, దాని మీద. ముందు దాన్ని కాసేపు చూడండి, తర్వాత గీయండి.

పాతరాయి
చేతికి ఈటె ఇవ్వండి. జర్మనీలోని లేరింగెన్‌లో 1948లో దొరికిన ఈటె యూ చెట్టు కొయ్యది, సుమారు 2.4 మీటర్ల పొడవు, ఏనుగు అస్థిపంజరంతో పాటు దొరికింది. మీ పేజీలో గుహ గోడకు ఏటవాలుగా ఆనించి పెడితే దూరం నుంచైనా కనపడుతుంది, ఆమె చేతిలో పనీ ఆగదు. తోలు పనికి రాతిపలకతో పాటు జింక పక్కటెముకతో చేసిన నునుపు పనిముట్టు వేయండి. అలాంటివి ఫ్రాన్స్‌లో రెండు చోట్ల దొరికాయని 2013లో చెప్పారు. బట్టలు తోళ్లవే, కట్టుకున్నట్టో, రంధ్రాలు పొడిచి తోలుతాడు దూర్చినట్టో వేయండి. కన్నమున్న సూది మాత్రం వేయొద్దు, వాళ్ల దగ్గర దొరకలేదు. తాడు వేయొచ్చు. ఫ్రాన్స్‌లోని అబ్రి దు మరాస్‌లో మూడు పేటలుగా పేనిన చెట్టు నార ముక్క ఒక రాతిపలకకు అంటుకుని దొరికింది. పిల్ల చేతిలో ఆ నార పెట్టండి, పేనడం నేర్చుకుంటున్నట్టు.